అందరికీ ముప్పైకి ముప్పై

అవునండి అంటే చాలు, అంతకన్నా నిన్నెవరూ ఏమీ అడగరు, అని చెప్పేసి మా ఆయన పొద్దున్నే బాపట్ల బస్సెక్కాడు. కలెక్టరాఫీసులో ఒక బల్ల మీది ఫైలును ఇంకో బల్ల మీదికి జరిపే మనిషికి అన్నీ తేలికే. ఆయన జరిపే ఫైలు ఆయన్ని తిరిగి ప్రశ్నలు అడగదు కదా. నన్ను అడుగుతారు. పది గంటలకు బెంగుళూరు అవతల కొత్తగా పెట్టిన ఆ యూనివర్సిటీ వాళ్లు ఫోన్ చేస్తారు, తెనాలిలో మా ప్రిన్సిపాల్ కోటేశ్వరరావు గారి గదిలో, ఆయన ఎదురుగా కూర్చుని, స్పీకర్ పెట్టి నేను మాట్లాడాలి. మీ జూనియర్ కాలేజీ నుంచి దరఖాస్తు పెట్టిన పదకొండు మంది పిల్లలూ ఇంటర్ సిలబస్ దాటి లీనియర్ ఆల్జీబ్రా రెండేళ్లు చదివామని రాశారు, పాఠం చెప్పిన లెక్చరర్ రాహేలు గారంటే మీరే కదా, నిజమేనా, అంటారు. అవునండి అంటే నా కొడుక్కి సీటు ఖాయం. లేదండి అంటే పోయినట్టే. ఆ కొడుకు ఇప్పుడు నా భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. రేపల్లె స్టేషన్లో బండి కదలకముందే కళ్లు మూశాడు. ఎంసెట్ కోచింగ్‌కి వెళ్లేవాళ్లు బండెక్కగానే పుస్తకం తీస్తారని అంటారు, ఎవరి పిల్లలో మరి.

పక్కన పూలబుట్టతో కూర్చున్న పెద్దావిడ, అమ్మాయ్ కాస్త జరుగు అంటే జరిగాను, ఫిన్నీ తల కూడా నాతోపాటే జరిగింది గాని మెలకువ రాలేదు. బరువుగా ఉంది. పద్దెనిమిదేళ్ల తల ఎంత బరువుంటుందో తల్లికి తప్ప ఎవరికి తెలుస్తుంది, పైగా లోపల లెక్కలు పెద్దగా లేవు, ఉన్నదంతా పాటలే. ఏడో ఏట చర్చిలో కీబోర్డు ముందు కూర్చున్నవాడు ఇప్పటికీ లేవలేదు. క్వయర్ వాళ్లు ఏ శ్రుతిలో మొదలుపెట్టి ఏ శ్రుతిలోకి జారిపోయినా వీడు వెనకాలే వెళ్లి పట్టుకుంటాడు, వాళ్లకి తాము జారినట్టే తెలియదు. ఆ యూనివర్సిటీలో ఎకనామిక్స్‌తో పాటు సంగీతం కూడా ఒక సబ్జెక్టుగా చదవొచ్చట. సబ్జెక్టుగా అమ్మా, మార్కులు కూడా వేస్తారు, అని వీడు జనవరిలో నాకు నాలుగుసార్లు చెప్పాడు. సీటు ఇస్తామని, పత్రాలన్నీ సరిచూశాక ఖరారు చేస్తామని ఉత్తరం వచ్చిన రోజు ఫోను మీద మా ఫోటో తీసేసి ఆ కాలేజీ ఫోటో పెట్టుకున్నాడు. నాకు కాస్త చివుక్కుమన్నా, వాడి మొహం చూసి ఊరుకున్నాను. అది పోతే ఇక గుంటూరు చుట్టుపక్కల ఏదో ఇంజినీరింగ్ కాలేజీ, నాలుగేళ్లు వాడికి చేతకాని లెక్కలు, ఆ తర్వాత ఏదో ఒకటి. నాకు భయంగా ఉంది. వాడు ఫెయిలవుతాడని కాదు, ఎలాగో ఒకలా గట్టెక్కేస్తాడని, ఆ గట్టెక్కడంలోనే పాట ఎక్కడో పడిపోతుందని.

భట్టిప్రోలులో పాలక్యాన్ల వాళ్లు ఎక్కారు. తలుపు దగ్గర ఇనుము చప్పుడు, తడి గోనె వాసన. కిటికీ బయట మినుము పీకేసిన చేలు బోసిగా ఉన్నాయి, ఒక మూల మొక్కజొన్న కండెలు పసుపుపచ్చగా ఆరబోసి ఉన్నాయి. వరుసలు వరుసలుగా ఎవరో నేర్పుగా పోశారు. అడ్డు వరుసలు, నిలువు వరుసలు. నాకు ఏది చూసినా మాత్రికే కనిపిస్తుందని ఆయన ఎగతాళి చేస్తాడు. ఎగతాళి కాదు, నిజం, ఈ రెండేళ్లుగా అలాగే ఉంది, పింకీ ఆ ప్రశ్న అడిగినప్పటి నుంచి. ఫస్టియర్ క్లాసులో మాత్రికల గుణకారం చెబుతున్నాను, అడ్డు వరుసను నిలువు వరుసతో గుణించి కూడండి, రాసుకోండి, అన్నాను. నూట ఇరవై మంది రాసుకున్నారు. ఒక్క చేయి లేచింది, పింకీది. అలా ఎందుకు మేడమ్, ఇందులోని అంకెని రెండోదాంట్లో అదే చోట ఉన్న అంకెతో గుణిస్తే సులువు కదా, అంది. నేను పదిహేడేళ్ల నుంచి చెబుతున్న మాటే చెప్పాను, అది నిర్వచనం, పరీక్షలో ఎందుకు అని అడగరు, కూర్చో. కూర్చుంది. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం ఆ రోజంతా అన్నం సయించలేదు. ఎందుకో నాకు తెలుసు కాబట్టి. ఎమ్మెస్సీలో అది నాకు అర్థమైన రోజు హాస్టల్ గదిలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను, ఎవరికైనా చెప్పాలని కారిడార్ అంతా తిరిగాను, చెప్పడానికి ఎవరూ దొరకలేదు. ఆ తర్వాత ఉద్యోగం, పెళ్లి, ఫిన్నీ, బిట్లు, మోడల్ పేపర్లు, వీకెండ్ టెస్టులు.

ఆ పిల్ల మా చర్చి పిల్లే. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే యేసుదాసు గారి కూతురు. రికార్డుల్లో ప్రియాంక, మిగతా అన్నిచోట్లా పింకీ. నేను కాలేజీలో మేడమ్‌ని, చర్చిలో ఆంటీని. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సండే స్కూల్ గదిలోకి పిలిచి, నా చేతిరుమాలు బల్ల మీద పరిచి, ముందు తిప్పి తర్వాత మడిచి చూపించాను, మళ్లీ విప్పి ముందు మడిచి తర్వాత తిప్పి చూపించాను. రెండూ ఒకటేనా అన్నాను. కాదంది. మాత్రిక అంటే అంకెల పట్టిక కాదే, అదొక పని, తిప్పడమో సాగదీయడమో, రెండు మాత్రికల్ని గుణించడమంటే ఒక పని అయ్యాక ఇంకో పని చేయడం, అందుకే ఆ గుణకారం అలా ఉంటుంది, అన్నాను. ఆ పిల్ల చాలాసేపు రుమాలు వంకే చూసి, మరి ఇదేంటి ఆంటీ పుస్తకంలో రాయరు, అంది. అక్కడ మొదలైంది. మొదట నలుగురు వచ్చారు. మధ్యాహ్నం, ఆకలి, ఆదివారం ఇళ్లలో కోడికూర ఘుమఘుమలు, మూడు వారాలకల్లా పింకీ ఒక్కతే మిగిలింది. గోడ మీద నోవహు ఓడ బొమ్మ కింద కూర్చుని రెండేళ్లు చదివింది. లీనియర్ ఆల్జీబ్రా అంతా, వెక్టర్ స్పేసులు, ఐగన్ విలువలు, నా ఎమ్మెస్సీ పుస్తకం మొదటి పేజీ నుంచి వెనక అట్ట దాకా. ఫిన్నీ ఆ వేళలో అవతల హాల్లో క్వయర్ ప్రాక్టీసులో ఉండేవాడు. వాడి కీబోర్డు మాకు వినబడేది, మా లెక్కలు మాత్రం వాడికి ఏనాడూ వినబడలేదు. నేను చెప్పే పాఠం ఒకరికి నిజంగా అవసరమైందని నాకు అనిపించింది ఆ గదిలోనే. జీతం వచ్చేచోట ఏనాడూ అనిపించలేదు.

యూనివర్సిటీ వాళ్ల దరఖాస్తులో ఒక గడి ఉంది. మామూలు సిలబస్‌కి మించి పై స్థాయి కోర్సులు ఏమైనా చదివారా, ఎవరు చెప్పారు, మీ కాలేజీ దాన్ని ధ్రువీకరిస్తుందా, అని. పూర్తి ఫీజు మాఫీ ఇచ్చేది ఆ గడిని చూసేనట. పింకీ ఉన్నది ఉన్నట్టు రాసి, ముద్ర కోసం ప్రిన్సిపాల్ గదికి పట్టుకెళ్లింది. కోటేశ్వరరావు గారు చెడ్డమనిషి కాదు. నిజానికి అదే వచ్చిన చిక్కు. మా ఫిజిక్స్ ల్యాబు తాళంచెవి ఎక్కడుందో అటెండరుకే సరిగా తెలియదు, పిల్లలు పోయినేడు రికార్డు చూసి ఈ ఏడు రికార్డు రాస్తారు, ప్రాక్టికల్ పరీక్షకు వచ్చిన ఎగ్జామినరు గారికి ఇడ్లీ, వడ, మధ్యాహ్నం మంచి భోజనం, సాయంత్రానికి అందరికీ ముప్పైకి ముప్పై. ఒకరికి తగ్గించి ఒకరికి ఎక్కువ వేసే పాపం మా ప్రిన్సిపాల్ గారి హయాంలో ఏనాడూ జరగలేదు. అలాంటి మనిషి ముందుకు ఒక పిల్ల ఒక్కతే ఏదో ఎక్కువ చదివానని కాగితం పట్టుకొస్తే ఏం చేస్తాడు. మిగతా పది మందినీ పిలిచి, అందరిచేతా ఆ గడిలో అదే రాయించి, అందరికీ ముద్ర కొట్టి పంపించాడు. ఒకే వాక్యం, ఒకే పొడవు. ఆ పది మందిలో ఫిన్నీ ఉన్నాడు. ఇదేంటి సార్ అని నేను అడిగాను, అడగలేదని కాదు. ఒక్క పిల్ల కోసం పది మంది పొట్ట కొట్టమంటారా మేడమ్, మీ అబ్బాయి కూడా ఉన్నాడుగా, అన్నారు ఆయన, ఎంతో ఆప్యాయంగా. నేను బయటికి వచ్చేశాను. ముప్పైకి ముప్పై వేసినప్పుడు ఏ యూనివర్సిటీ వాడూ ఫోన్ చేసి అడగలేదు కదా, ఇప్పుడు మాత్రం ఎందుకు అడుగుతారనుకున్నాడు ఆయన. నేనూ అలాగే అనుకున్నాను. మా అందరికీ అలవాటైపోయింది.

నిన్న ఆరాధన అయ్యాక పింకీ నా దగ్గరికి వచ్చి వందనాలు ఆంటీ అంది. రేపు ఫోన్ వస్తుందని నేనే చెప్పాను. అందరి గురించీ అడుగుతారు, అన్నాను. ఆ పిల్ల నా గురించి మంచిగా చెప్పండి అనలేదు. ఫిన్నీ పేరు కూడా ఉందా ఆంటీ, అని అడిగింది. ఉందన్నాను. తల ఊపి, వాళ్లమ్మ పిలుస్తోందని వెళ్లిపోయింది. రెండేళ్లలో నన్ను వెయ్యి ప్రశ్నలు అడిగిన పిల్ల నిన్న అంతకుమించి ఒక్కటీ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. అవునండి అని అందరికీ కలిపి చెబితే పింకీకి వచ్చే నష్టం ఏముంది, ఆ పిల్లదీ అవునే కదా, అని మా ఆయన వాదన. నిజమే, తప్పు దొరకని వాదన. కానీ పదకొండు మందినీ కలిపి చూపిస్తే యూనివర్సిటీ వాళ్లు ఎవర్నీ నమ్మరు, లేదా అందర్నీ ఒకేలా నమ్ముతారు. అందర్నీ ఒకేలా నమ్మితే ఆ గడికి విలువ ఉండదు, అప్పుడు మార్కులు చూస్తారు. పింకీ మార్కులు మంచివే, కానీ ఫీజు మాఫీకి మంచి మార్కులు చాలవు, అలాంటివాళ్లు వేలమంది ఉంటారు. మాఫీ లేకపోతే ఆ పిల్ల తెనాలి దాటదు. ఇదంతా లెక్కే. ఇది రానిదాన్ని కాదు నేను. ఏ పక్క నుంచి చేసినా ఒక పిల్లయినా పోతుంది, ఒక పిల్లాడైనా పోతాడు, ఇద్దరూ మిగిలే దారి మాత్రం ఎంత వెతికినా తగలడం లేదు.

వేమూరు. బండి ఆగింది. పూలావిడ బుట్ట నెత్తికెత్తుకుని దిగిపోయింది, చోటు ఖాళీ అయినా నేను జరగలేదు, వాడు లేస్తాడని. అప్పుడు మోగింది ఫోను. పది గంటలకు కదా, ఇంకా తొమ్మిదైనా కాలేదు, ప్రిన్సిపాల్ గది ఎక్కడో ఉంది, తెలియని నంబరు. కుడిచేయి వాడి తల కింద ఉంది. ఎడంచేత్తో ఎత్తాను. చిన్నవయసు అమ్మాయి గొంతు, ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా, ముందే చేస్తున్నందుకు ఏమీ అనుకోకండి, ఇవాళ మధ్యాహ్నానికి జాబితా ముగించాలి, మాట్లాడగలరా, అంది. మాట్లాడగలనన్నాను. మీ కాలేజీ నుంచి వచ్చిన పది మంది విషయం, అంది. పదకొండు కదా, అన్నాను. పది అండీ, ప్రియాంక అనే విద్యార్థిని నిన్న సాయంత్రం మాకు రాసింది, ఆ కోర్సు తను చదవలేదట, పొరపాటున రాసిందట, ఆ గడిలోంచి తన మాట తీసేయమంది, తీసేశాం, అంది ఆ అమ్మాయి.

నాకు ముందు వచ్చింది కోపం. ఎంత కోపమంటే, పింకీ ఎదురుగా ఉంటే చెంప మీద ఒకటి వేసేదాన్నేమో. ఎవరినడిగి తీసేశావే. రెండేళ్ల ఆదివారాలు నీ ఒక్కదానివే అనుకున్నావా, నావి కావా. తర్వాత అర్థమైంది. నిన్న తల ఊపి వెళ్లిపోయిందే, ఇంటికెళ్లి సాయంత్రానికల్లా ఫోన్ తీసి ఈ పని చేసింది. నన్ను ఎటూ తేల్చుకోలేని చోటి నుంచి బయటికి లాగుదామనుకుంది. తన పేరు అడ్డు లేకపోతే ఆంటీ నిశ్చింతగా కొడుక్కి అవునండి చెప్పుకుంటుందని అనుకుంది. ఇప్పుడు నిజంగానే ఏ అడ్డూ లేదు. పింకీని పోగొట్టింది నేను కాను, తనే పోగొట్టుకుంది. ఒక్క మాట అంటే చాలు, ఫిన్నీ సంగీతం చదువుకుంటాడు, ఆయన సాయంత్రం బాపట్ల నుంచి స్వీటు ప్యాకెట్టుతో వస్తాడు, కోటేశ్వరరావు గారు టీ తెప్పిస్తారు. మాట నోటిదాకా వచ్చింది కూడా. ఆ అమ్మాయి అవతల నుంచి పేర్లు చదువుతోంది, నాలుగో పేరు ఫిన్నీ. వాడి ఊపిరి నా మెడకు వెచ్చగా తగులుతోంది.

లేదండి, అన్నాను. నా ఇంగ్లీషు అప్పుడప్పుడు తడబడుతుంది గాని ఇవాళ తడబడలేదు. ఆ పది మందిలో ఎవరూ నా దగ్గర ఆ పాఠం చదవలేదండి, ఫిన్నీ నా కొడుకు, వాడూ చదవలేదు, చదివింది ప్రియాంక ఒక్కతే, అన్నాను. అంటే, అంది ఆ అమ్మాయి నెమ్మదిగా, చదివామన్న పది మందీ చదవలేదు, చదవలేదన్న అమ్మాయి చదివింది, అంతేనా మేడమ్? అంతేనండి, అన్నాను. నవ్వు రావలసిన మాటే, ఇద్దరం నవ్వలేదు. మీ మాట ఒక్కదాని మీద మేము తిరిగి చేర్చలేం, ఆ అమ్మాయే మధ్యాహ్నం లోపు మళ్లీ రాయాలి, అప్పుడు మా ప్రొఫెసర్ ఒకరు తనతో అరగంట మాట్లాడి తేలుస్తారు, అంది. అరగంట కాదు, రోజంతా మాట్లాడమనండి, అన్నాను. మిగతా పది మంది గురించి మాత్రం కమిటీకి రాయక తప్పదు మేడమ్, అంది. రాయండి, అన్నాను. పెట్టేసింది.

కోటేశ్వరరావు గారి మొహం గుర్తొచ్చింది, ఆ తొమ్మిది మంది తల్లులూ గుర్తొచ్చారు, ముగ్గురు మా వీధి చివరే ఉంటారు. వాళ్ల గురించి తర్వాత భయపడదామని పింకీకి చేశాను. మొదటిసారి కట్ చేసింది. రెండోసారి ఎత్తింది. వెనకాల ఎవరో బట్టలుతుకుతున్న చప్పుడు. జరిగింది చెప్పాను, ఇప్పుడే కూర్చుని మళ్లీ రాయి, పొరపాటున తీసేశానని రాయి, అన్నాను.

"వద్దాంటీ. నాది తీసేస్తే మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరనుకున్నాను. ఫిన్నీది ఉంచమని చెప్పండాంటీ, మళ్లీ ఫోన్ చేసి చెప్పండి. నాకు ఇక్కడ డిగ్రీ కాలేజీ ఉందిగా."

లెక్కలైతే ఈ పిల్లకి ఒక్కసారి చెబితే చాలు, ఇది మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ఎక్కడం లేదు. రాయవే అంటాను, వద్దాంటీ అంటుంది. అప్పుడు నా భుజం తేలికైంది. ఫిన్నీ లేచి కూర్చున్నాడు. కళ్లల్లో నిద్ర జాడ లేదు. ఎప్పటి నుంచి మెలకువగా ఉన్నాడో వాడి మొహంలో చదివేశాను, ఆ మొహం నేను కన్నదే. చేయి చాచి, నా చెవి దగ్గరి ఫోను తీసుకున్నాడు.

"పింకీ, నేను ఫిన్నీని. అమ్మ చెప్పేసింది, నాది పోయింది. ఇక నువ్వు తీసేసుకున్నా నాకేం రాదు. మళ్లీ పెట్టుకో."

అవతల ఏమందో నాకు వినబడలేదు. వాడు సరే అన్నాడు, మళ్లీ సరే అన్నాడు, ఫోన్ కట్ చేసి నా ఒళ్లో పెట్టాడు. జంపని స్టేషన్ వెళ్లిపోయింది. కాలువ గట్టున ఎవరో సైకిలు తోసుకుంటూ పోతున్నారు. ఏదో ఒకటి అంటాడని చూశాను, తిడతాడేమో, ఎందుకమ్మా అంటాడేమో, కనీసం నా మొహంలోకి చూస్తాడేమో. ఒరే ఫిన్నీ, అన్నాను. వాడు పైనున్న సంచీ తీసుకుని భుజాన వేసుకుని తలుపు దగ్గరికి వెళ్లి, పాలక్యాన్ల మధ్య నుంచున్నాడు. కోచింగ్ సెంటరుకు తెనాలి స్టేషన్లోనే దిగాలి, దానికి ముందు చినరావూరు అని ఇంకొక్క స్టేషన్ ఉంది. అక్కడ బండి ఒక్క నిమిషం ఆగుతుంది. ఆగింది. వాడు దిగేశాడు. నేను కిటికీలోంచి చూస్తుండగానే ప్లాట్‌ఫారం మీద నడుచుకుంటూ, వెనక్కి తిరగకుండా, రోడ్డు వైపు పోయాడు.

చినరావూరులో మాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు.